నీట నీదు రథము, పలుచని కప్పు

ద్వితీయ ప్రపంచ సంగ్రామమున టాంకుల వెంబడి లారీలలో సాగిన పదాతులు ఫిరంగిగుండ్ల తునకలకు బలియగుట కన్నులార గాంచిన సైన్యములు, యుద్ధానంతరము భటులను కవచముచాటున, గొలుసుపట్టాలపై రణరంగమునకు జేర్చు వాహనమును రూపొందింప బూనుకొనెను. 1960లో అమెరికా సైన్యమున ప్రవేశించిన ఎం-113 అల్యూమినియపు కవచము దాల్చి, పదునొకండుగురు భటులతో నీటిని సైతము దాటగలిగినది. మనతో పోరిన పాకిస్తానునకును అదియే వాహనము. మన సైన్యము చెకోస్లొవేకియావారి టోపాసు బండ్లను వాడుచుండెను. భటులను దింపి వెనుదిరుగు బండితో తృప్తినొందని సోవియట్టు నిపుణులు, వారితో గూడి పోరాడు బండిని గోరిరి. బీఎంపీ-1 పిమ్మట 1980 ప్రాంతమున వచ్చిన బీఎంపీ-2 అట్టిది.

అదియే మన తెలుగుగడ్డపై సారథ్ అయినది. నాటి మెదకు జిల్లా ఎద్దుమైలారమున 1984లో నెలకొన్న ఆయుధ కర్మాగారము చేపట్టిన ఈ నిర్మాణమున, సోవియట్టు భాగములతో కూర్చిన తొలి బండి 1987 ఆగస్టున సిద్ధము కాగా, శతాబ్ది ముగియునాటికి భాగములలో అత్యధికము స్వదేశమునందే తయారగుచుండెను. దానిపై నమర్చు కొంకుర్సు క్షిపణి హైదరాబాదునందలి భారత్ డైనమిక్సువారిది. బరువు సుమారు 14 టన్నులు, నడుపువారు ముగ్గురు, లోపల భటు లేడుగురు, పైన 30 మిల్లీమీటర్ల ఫిరంగి. ఇంత సామగ్రితో నీట తేలవలెనన్న భారము పెరుగరాదు గనుక, ఆ మినహాయింపంతయు కవచముపైననే పడినది: ప్రక్కలును కప్పును పలుచనయ్యెను. వేసవిలో ఇసుకమేటలు దేలు తుంగభద్రను, పెన్నను జూచు మన సీమవారికి ఈతకై కవచమును వదలుకొనుట వింతగా దోచవచ్చును గాని, పంజాబు కాలువల నెఱిగిన సేనాని అట్లు తలంచడు.

అయినను ఆ కప్పు ఎంత పలుచనిదో యోచింపజేసిన పరీక్ష మన కర్నూలునందే జరిగినది. భటులు మోసికొనిపోదగిన టాంకు విధ్వంసక క్షిపణిని డీఆర్డీవోవారు 2019 సెప్టెంబరు 11న ఇచ్చటి ప్రయోగక్షేత్రమున ముక్కాలిపీటనుండి వదలగా, అది టాంకును బోలిన లక్ష్యమును ఎదుటనుండి గాక నడినెత్తిన గొట్టి ధ్వంసము చేసెను. టాంకు నుదుటనే దళసరి కవచము ధరించును, నెత్తిన ధరింపదు. ఇక సారథ్ మాట చెప్పనేల? ఇట్టి క్షిపణులు మనయొద్దనే యుండునని యెవరు నమ్ముదురు?

2024 ఫిబ్రవరి 1న రక్షణశాఖ 693 బీఎంపీ-2 బండ్ల ఆయుధవ్యవస్థను నవీకరించుటకు, ఎద్దుమైలారము కర్మాగార మిప్పుడు చేరియున్న ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ సంస్థతో ఒప్పందము చేసికొన్నది. రాత్రివేళ చూడగల దూరదర్శినులు, గురి నియంత్రణ యంత్రములు అందు ముఖ్యములు. బండికి కన్నులు మెఱుగుపడుట మేలే గాని, కప్పు సంగతి మాత్రము ఆ యొప్పందమున గానరాదు.