అయిదు నిమిషాల అలంకారం

అలంకరణాభిలాష మానవునికి సహజం. ఇందుకు నిదర్శనం వెదుకుటకు దూరం పోనక్కరలేదు. ఆషాఢమాసంలో గోరింటాకుతోను, రంజాన్ పండుగనాడు మెహందీతోను పండిన చేతులు మన తరగతి గదులలో ఏటా కనిపించేవే. పేర్లు రెండు, ఆకు మాత్రం ఒక్కటే.

ఈ ముచ్చటలోనికి నేడు ఎయిర్ బ్రష్ అను యంత్రం ప్రవేశించింది. కంప్రెసర్ నుండి వచ్చే గాలి, కలమువంటి ఒక చిన్న పరికరంలో సిరాను సన్నని తుంపరగా మారుస్తుంది. చర్మాన్ని శుభ్రపరచి, బొమ్మ కత్తిరించిన స్టెన్సిల్‌ను అదిమిపెట్టి, మీట నొక్కితే చాలు. అయిదు నిమిషాలలో చేతిపై సీతాకోకచిలుక వాలుతుంది. పైన కాస్త పౌడరు అద్దితే కొన్ని దినాలు నిలుస్తుంది. పచ్చబొట్టువలె ఇందులో సూది చర్మంలోనికి దిగదు, రక్తం చిందదు. కావున దీనిని కేవలం పాశ్చాత్య వ్యామోహమని త్రోసిపుచ్చే పెద్దలతో నేను ఏకీభవించలేను.

నా ఆక్షేపణ వేరు. గత సంవత్సరం మన ఉత్సవాలలో ఇట్టి స్టాలు ఒకటి వెలసింది. నా వంతు వచ్చినప్పుడు, "ఇది ఏ సిరా?" అని అడిగాను. "నల్ల సిరా" అని ఆ యువకుడు చూపిన సీసాపై పేరు లేదు, తేదీ లేదు, తయారుచేసినవారి చిరునామా లేదు. అతడు నన్ను మోసగించలేదు, అతనికే తెలియదు. నేను చేయి వెనుకకు తీసుకొన్నాను. నా వెనుక నిలిచిన ఇరువది మందికి ఆ ప్రశ్న తోచలేదు.

నాకు తోచుటకు కారణం మా అక్క. పెండ్లికి ముందు ఆమె చేతులకు నల్ల మెహందీ పెట్టారు. కొద్ది దినాలకు ఆ లతలూ పువ్వులూ ఉన్నంతమేరా బొబ్బలెక్కాయి. ఇక జీవితాంతం తలకు రంగు వేసుకొనవద్దని వైద్యులు హెచ్చరించారు.

గోరింటాకులోని లాసోన్ అను పదార్థం ఇచ్చేది ఎరుపు ఛాయ మాత్రమే; అది పూర్తిగా పండుటకు ఒకటి రెండు దినాలు పడుతుంది. గంటలో కాటుకవంటి నలుపు వచ్చినదంటే అది ఆకు మహిమ కాదు. అట్టి మిశ్రమాలలో తరచుగా కలిపేది పారాఫెనిలీన్ డయమీన్ అను రసాయనం. తలవెంట్రుకల రంగులలో సైతం ఇది 2 శాతానికి మించరాదని ఐరోపా సమాఖ్య నియమం. ఒకసారి శరీరం దీనికి ఎదురు తిరిగినచో ఆ అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది.

ఎయిర్ బ్రష్ సిరాలన్నీ ఇట్టివని నేననను. చర్మానికై తయారైన సిరాలు ఉన్నవి. కాని అదే బ్రష్షుతో బొమ్మలకూ, వాహనాలకూ రంగులు వేస్తారు. ఏ రంగు పోస్తే ఆ రంగునే చిమ్ముతుంది. యంత్రానికి విచక్షణ లేదు. పైగా తుంపర గాలిలో కలిసి ఊపిరితోపాటు లోనికి పోగలదు. ఉబ్బసం గలవారు దీనిని గుర్తుంచుకొనవలెను. చర్మంపై దద్దురు సైతం వెంటనే రాక కొన్ని దినాలకు రావచ్చు. అప్పటికి స్టాలూ ఉండదు, స్టాలువాడూ ఉండడు.

కావున కళాశాల కమిటీవారికి నా మనవి: ఈ స్టాళ్లను నిషేధించవద్దు, నియమబద్ధం చేయండి. 2020 నాటి మన సౌందర్య సాధనాల నియమావళి ప్రకారం సీసాపై తయారీదారు పేరు, బ్యాచి సంఖ్య, వాడదగిన గడువు ఉండవలెను. అవి లేని సిరాకు ఆవరణలో చోటివ్వరాదు. నల్ల మెహందీ కోన్లకు అసలే ఇవ్వరాదు. ముఖంపై, ముఖ్యంగా కండ్ల వద్ద, నోటి వద్ద చిమ్మనీయరాదు. ఒకరి చేతిపై ఉంచిన స్టెన్సిల్‌ను స్పిరిటుతో తుడవనిదే మరొకరిపై పెట్టరాదు. స్టాలును గాలి ఆడే చోట నిలుపవలెను.

మన విద్యార్థినులలో పండుగ దినాలలో మెహందీ పెట్టి ఫీజు కట్టుకొనేవారున్నారు. ఈ నియమాలు వారి జీవనానికి అడ్డు కావు. మంచి ఆకు నూరి, నిజం చెప్పి అమ్మేవారికి ఇవి అండ.

సోదర సోదరీమణులారా! ఈ ఏడు స్టాలు ముందు నిలిచినప్పుడు, బొమ్మ ఎంచుకొనుటకు ముందు సీసాను చూపమనండి. చూపనిచో చేయి చాపకండి.