క్రొత్త యిల్లు – పిట్టగోడ



మా సంఘములలోని తల్లిదండ్రులు తరచుగా మమ్మును అడుగు మాట యిది: “అయ్యగారూ, సబ్ సెంటరులో నర్సమ్మ ఉచితంగా వేసే టీకా మంచిదా, తిరుపతికి పోయి డబ్బిచ్చి వేయించుకొనేది మంచిదా?” కంపెనీలన్నీ లాభము కోసమే అని కొందరు, ప్రభుత్వపు మందు ఉత్త నీళ్లే అని కొందరు అనుచుందురు. బిడ్డల ప్రాణములకు సంబంధించిన సంగతి గనుక ఈ నెల దీనిని ఆలోచింతము.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము తీసి చదవండి. క్రొత్త యిల్లు కట్టువానికి దేవుడు అక్కడ మిద్దె పిట్టగోడను గూర్చి ఆజ్ఞ యిచ్చెను. ఇల్లే కట్టవద్దని ఆయన చెప్పలేదు. పిట్టగోడ లేని యిల్లు వద్దనెను. మిద్దె మీద చెనక్కాయలు ఎండబోసి, వేసవిలో పిల్లలతో అక్కడనే పండుకొను మన సీమవారికి ఈ ఆజ్ఞ ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

హెపటైటిస్-బి అను వ్యాధి కాలేయమును పాడుచేయును. కాన్పు సమయములో తల్లినుండి బిడ్డకు, శుభ్రము చేయని సూదులవలన ఒకరినుండి ఒకరికి అంటుకొనును. 1990 దశకము మొదట్లో దీని టీకా విదేశములనుండి వచ్చెడిది. ఒక్క మోతాదుకే వందల రూపాయలు; మూడు మోతాదులు కావలెను. కూలి చేసుకొను కుటుంబము ఎక్కడనుండి తెచ్చును?

ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన కె.ఐ. వరప్రసాదరెడ్డిగారు 1993లో తన తల్లి పేరట హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయములోను, సి.సి.ఎం.బి.లోను పరిశోధనకు చోటు దొరికెను. 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి టీకా వెలువడెను. తరువాత ఇతర కంపెనీలు కూడ పోటీకి రాగా ధర బాగుగా దిగివచ్చెను. ప్రభుత్వము ఈ టీకాను 2002లో కొన్ని చోట్ల ఉచితముగా ఆరంభించి, 2011 నాటికి దేశమంతటికి విస్తరించెను. ఇది క్రొత్త యిల్లు. కట్టినవారికి కృతజ్ఞులమై యుందుము.

మరి పిట్టగోడ ఏది? అదే కంపెనీ శాన్-5 అను పేరుతో అయిదు వ్యాధులకు ఒకే టీకా చేసెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో దానిని ఆమోదించెను. 2010లో కొన్ని సీసాలలో తెల్లని మడ్డి కనబడగా, ఆ సంస్థయే ఆమోదమును వెనుకకు తీసికొనెను. మందును వాపసు తెప్పించిరి. లోపము సరిదిద్దుకొన్న తరువాత 2014లో గాని మరల ఆమోదము దొరకలేదు. మంచి పేరున్న కంపెనీ అని చూచీ చూడనట్లు విడిచిపెట్టలేదు. మన దేశములోను టీకా మందును కసౌలిలోని కేంద్ర ఔషధ ప్రయోగశాల పరీక్షించుచున్నది.

మన ప్రాంతపు సాక్ష్యము కూడ ఉన్నది. 1915లో మిషనులు కలిసి మదనపల్లె దగ్గర స్థాపించిన ఆరోగ్యవరము క్షయరోగులకు ఆశ్రయమాయెను. 1948లో మన దేశములో బి.సి.జి. టీకా మొదలైన కొద్ది చోట్లలో మదనపల్లె ఒకటి. మద్రాసు గిండీలో ఆ టీకా ప్రయోగశాలను నెలకొల్పినది ప్రభుత్వము. సేవచేయు చెయ్యి, కాపలా కాయు కన్ను రెండును కావలసివచ్చెను.

కాబట్టి ఉచితమని చులకన చేయవద్దు, ఖరీదని మోసపోవద్దు. బిడ్డ పుట్టిన 24 గంటలలోపు హెపటైటిస్-బి టీకా, తరువాత 6, 10, 14 వారములకు అయిదు వ్యాధుల టీకా తప్పక వేయించండి. టీకా కార్డును బైబిలువలె భద్రపరచండి. సీసా మీది గడువు తేదీ చూపించమని అడుగుటకు సిగ్గుపడవద్దు. అట్లు అడుగుట అవిశ్వాసము కాదు, మన వంతు పిట్టగోడ కట్టుటయే.

ప్రభువు మీ పిల్లలను కాపాడును గాక. ఆమేన్.