రెండో గీత పడిన రోజు

ఆదివారం ఓడ ఎక్కాలి. శనివారం పొద్దున తొమ్మిదికి మా డైనింగ్ టేబుల్ మీద మూడు కరోనా కిట్లు, మూడు పాస్‌పోర్టులు, ఒక ల్యాప్‌టాప్. అమ్మ అప్పటికే స్వెటర్లు సర్దేసింది. పనిలో పనిగా మాగాయ సీసాకి మూడు కవర్లు చుట్టేసింది కూడా.

ఇది 2022 జూన్ నాటి మాట. అమ్మానాన్నలు మొదటిసారి అమెరికా వచ్చారు. సియాటెల్ నుంచి అలాస్కా క్రూయిజ్ బుక్ చేశా. మంచుకొండల్ని దగ్గర్నుంచి చూడాలని నాన్న కోరిక. ముప్ఫై ఏళ్లు ఆర్టీసీలో కండక్టర్‌గా గుంటూరు, నరసరావుపేట మధ్య తిరిగిన మనిషి. నేను పుట్టాక మేం వెళ్లిన దూర ప్రయాణం తిరుపతి ఒక్కటే. అందుకే ఈ ట్రిప్ మీద నాకు కాస్త ఎక్కువ ఆశ.

టికెట్లు కొనడం తేలికే. కాగితాలే చంపేశాయి. సియాటెల్ నుంచి అలాస్కాకి వెళ్లే పెద్ద ఓడలు దాదాపు అన్నీ దారిలో కెనడా రేవులో ఆగుతాయి. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడ మధ్యలో ఇంకో దేశం తాకకుండా రెండు అమెరికా రేవుల మధ్య ప్రయాణికుల్ని తిప్పకూడదు. అందుకని మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు కెనడా వీసా కూడా తీసుకోవాలి. అమ్మావాళ్లు ఇండియాలో ఉండగానే ఆ పని పూర్తిచేశా. ఇక మిగిలింది కరోనా పరీక్ష ఒక్కటే. ‘అదెంతలే’ అనుకున్నా.

అక్కడే దెబ్బతిన్నా.

హైదరాబాద్‌లో ఫ్లైట్ ఎక్కే ముందు కూడా వాళ్లకి పరీక్ష తప్పలేదు. కానీ అక్కడ ల్యాబ్ కుర్రాడు బండి మీద ఇంటికే వచ్చి శాంపిల్ తీసుకెళ్లాడు. రాత్రికి రిపోర్ట్ వాట్సాప్‌లో వచ్చేసింది. అమెరికాలో ఇంకా ఈజీగా ఉంటుందనుకుని, ఇంటి దగ్గర ఫార్మసీలో గురువారం సాయంత్రానికి స్లాట్ పెట్టేశా. బుధవారం రాత్రి క్రూయిజ్ కంపెనీ మెయిల్ మళ్లీ చదివితే గుండె జారింది. పరీక్ష ఎక్కే రోజుకి రెండు రోజుల ముందు నుంచి చేయించుకున్నదే చెల్లుతుంది. అంటే శుక్రవారం, శనివారం. గురువారానిది చెల్లదు. నేను 72 గంటల లెక్కలో ఉన్నా, వాళ్లు రోజుల లెక్కలో ఉన్నారు. ఒక్క రోజు తేడా. మా భాషలో ఆఫ్ బై వన్ ఎర్రర్. కోడ్‌లో అయితే టెస్టింగ్‌లో దొరికేది. ఇక్కడ దొరక్కపోతే రేవులోంచి వెనక్కే.

శుక్రవారం చుట్టుపక్కల ఎక్కడా స్లాట్ లేదు. దొరికిన ఒకట్రెండు చోట్ల ఆర్‌టీపీసీఆర్ రిపోర్ట్‌కి రెండు మూడు రోజులు పడుతుందన్నారు. గంటలో ఇచ్చే ల్యాబ్ ఉంది కానీ తలకి 200 డాలర్ల పైనే. చివరికి దొరికిన దారి, వీడియో కాల్‌లో పర్యవేక్షించే ఇంటి కిట్. మామూలు కిట్‌తో మనకు మనం చేసుకుంటే కంపెనీ ఒప్పుకోదు. ఈ పద్ధతిలో అవతల ఒక మనిషి కెమెరాలో చూస్తూ ఉంటారు. వాళ్లు చెప్పేదాకా బాక్స్ సీలు కూడా తీయకూడదు. పాస్‌పోర్ట్ చూపించాలి, ఒక్కో ముక్కురంధ్రంలో ఐదేసిసార్లు పుల్ల తిప్పాలి, 15 నిమిషాలు ఆగాలి. రిపోర్ట్ ఫోన్‌కి వస్తుంది.

ముందు నేను. నెగెటివ్. తర్వాత అమ్మ. ఆవిడకి ఇంగ్లిష్ రాదు కాబట్టి పక్కనుండి నేను అనువాదం. నెగెటివ్. చివర నాన్న. రాత్రి నుంచి గొంతు కాస్త గరగరగా ఉందని అన్నారు. ‘ఏసీ గాలి’ అని అమ్మ కొట్టిపారేసింది.

పదిహేను నిమిషాలయ్యాక కార్డు మీద రెండో గీత. లేత గులాబీ రంగు. ఉందా లేదా అన్నట్టుగా ఉంది. కెమెరాలో అవతలి అమ్మాయి మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎంత లేతగా ఉన్నా గీత గీతే. పాజిటివ్.

ఇక్కడ నా గురించి ఒక నిజం చెప్పాలి. నాకు మొదట నాన్న ఆరోగ్యం గుర్తురాలేదు. ఇంకో కిట్ ఉందన్నది గుర్తొచ్చింది. ఫ్రెండ్‌కి ఫోన్ చేస్తే వాడూ అదే అన్నాడు. ‘యాంటిజెన్‌లో ఒక్కోసారి నెగెటివ్ వస్తుంది, ఇంకోటి లాగించు. రేవులో వాళ్లు అడిగేది ఒక్క నెగెటివ్ కాగితమేగా.’ నిజమే. వైరస్ ఎక్కువగా ఉంటేనే యాంటిజెన్ పరీక్ష పట్టుకుంటుంది. మొదట్లో తప్పించుకునే వీలుంది. అంటే నేను వెతుకుతున్నది జబ్బు లేదన్న నిజం కోసం కాదు, పరీక్ష పొరబడే అవకాశం కోసం.

నాన్న అంతా విన్నారు. కిట్ తీసి పక్కన పెట్టేశారు.

“ఒరేయ్, టికెట్ లేకుండా ఎక్కినోణ్ని నా సర్వీసులో ఎప్పుడూ వదల్లేదురా. ఇప్పుడు నేనెట్టా ఎక్కుతా?”

“లక్షలు పోతాయి నాన్నా” అన్నా. నిజానికి ఆ మాట కూడా అబద్ధమే. పాజిటివ్ వచ్చినవాళ్లకి డబ్బు తిరిగి ఇస్తామని మెయిల్‌లోనే ఉంది. నేను చదివానుగా.

ఆ సాయంత్రం నాన్న గదిలో, మేం హాల్లో. ఊరికే ఫోన్ తిప్పుతుంటే డైమండ్ ప్రిన్సెస్ గుర్తొచ్చింది. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకొహామా రేవులో ఆపేసిన ఓడ. 3,711 మంది ఉంటే 712 మందికి సోకింది. మన దేశస్తులు 138 మంది ఉన్నారు. వాళ్లలో 132 మంది సిబ్బందే. ప్రయాణికుల్ని గదుల్లో ఉండమన్నారు. మరి ఆ గదులకి భోజనం మోసిందెవరు? ఆ సిబ్బందే. డ్యూటీ అయ్యాక ఇరుకు గదులు పంచుకుని పడుకున్నదీ వాళ్లే. పాజిటివ్ వచ్చినా ఎక్కేద్దామని నేను లెక్కలేసినప్పుడు మా కుటుంబం, మా డబ్బు, మా ఫొటోలు కనిపించాయి. మా మంచం దుప్పటి మార్చే మనిషి కనిపించలేదు.

మంగళవారం అమ్మకి జ్వరం. పరీక్షిస్తే పాజిటివ్. శనివారం నెగెటివ్ వచ్చిన అమ్మే. మేం ఎక్కుంటే అప్పటికి సముద్రం మీద ఉండేవాళ్లం. చేతిలో చెల్లే రిపోర్ట్, ఒంట్లో వైరస్. పరీక్ష అంటే ఆ క్షణానికి తీసిన ఫొటో. గ్యారంటీ కార్డు కాదు.

ఇద్దరూ వారంలో కోలుకున్నారు. డబ్బులో కొంత వెనక్కి వచ్చింది, కొంత తర్వాతి ప్రయాణానికి క్రెడిట్‌గా ఉంచారు. 2022 జులై 18న అమెరికా ప్రభుత్వం ఓడల కోసం నడిపిన కోవిడ్ కార్యక్రమాన్ని ఆపేసింది. ఆ తర్వాత కంపెనీలు ఒక్కొక్కటిగా పరీక్షలు సడలించాయి.

అయినా ఆ గందరగోళం నేర్పినవి ఇప్పటికీ పనికొస్తాయి. ఏ దేశం, ఏ కంపెనీ ఏ ఆరోగ్య పత్రం అడిగినా ముందు నాలుగు చూసుకోండి. గడువు గంటల్లోనా, రోజుల్లోనా? ఎవరు చేసిన పరీక్ష చెల్లుతుంది? రిపోర్ట్‌లో పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉందా? (మన ఇంటిపేర్లని ఒక్క అక్షరంగా కుదించేస్తారు, జాగ్రత్త.) ఎక్కలేకపోతే డబ్బు సంగతేంటి? ఆఫ్రికా, దక్షిణ అమెరికా వైపు వెళ్లేవాళ్లకి ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ ఇంకో కథ. టీకా వేయించుకున్న పది రోజులకి గానీ అది చెల్లదు. అది అన్నిచోట్లా వేయరు కూడా. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం ఉంది. ఆఖరి వారం దాకా ఆగకండి.

మరుసటి ఏడాది వేసవిలో అమ్మానాన్న మళ్లీ వచ్చారు. ఈసారి పరీక్ష లేదు, కెమెరా లేదు. ఓడ ఎక్కే ముందు ఒక ఫారం ఇచ్చారు. జ్వరం ఉందా, వాంతులు, విరేచనాలు అయ్యాయా అని అడిగే నాలుగు ప్రశ్నలు. నేను చదవకుండానే అన్నిటికీ ‘లేదు’ టిక్ కొట్టేయబోయా. నాన్న ఫారం లాక్కుని, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కోటీ నాతో తెలుగులో చెప్పించుకున్నారు. అమ్మని పిలిచి ఆవిడనీ అడిగారు.

వెనకాల క్యూ పెరిగిపోతోంది. నాన్న మాత్రం బస్సు బయల్దేరే ముందు టికెట్లు లెక్క చూసుకున్నట్టు నింపాదిగా, నాలుగింటికీ జవాబు విన్నాకే సంతకం పెట్టారు.