స్పోర్కుకీ ఓ పేజీ ఉండాలి

చెంచా, ఫోర్కు కలిపేసిన స్పోర్కు చూసే ఉంటారు. "దీనిక్కూడా విజ్ఞాన సర్వస్వంలో ఓ పేజీయా?" అని నవ్వకండి. చెంచా, ఫోర్కు, కత్తి మూడూ కలిపిన పరికరానికి అమెరికాలో 1874లోనే పేటెంటు ఇచ్చారు. స్పోర్కు అన్న మాట 1909లోనే నిఘంటువుకెక్కింది. దాని చుట్టం కత్తి-ఫోర్కు ఉంది చూడండి, 1797లో కుడిచెయ్యి పోగొట్టుకున్న బ్రిటిష్ నౌకాదళపతి నెల్సన్ దాంతోనే తినేవాడు.

మా వార్డులో పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన అలాంటిదాంతోనే, ఎవరూ తినిపించకుండా, తన ముక్క తనే కోసుకు తిన్నాడు. ఐదు వేళ్ళతో కలుపుకు తినే మనకి అది చిన్న వస్తువే. ఒక్క చెయ్యే ఆడేవాళ్ళకి మాత్రం పరువు నిలబెట్టేది అదే. నా ఓటు పేజీ ఉండాలనే. మరి మీరేమంటారు?