నత్తి: వినువారి ధర్మము

నత్తి యనగనే మనవారికి నవ్వు వచ్చును. బందరు బస్సులో 'నాగాయలంక' యను పేరు నోట రాక, పలుకవచ్చిన అవనిగడ్డకే టిక్కెట్టు కొని, అచట దిగి వేఱొక బస్సు వెదకికొను యువకుని వ్యథ ఆ నవ్వువారికి తెలియునా?

మఱియు మనము రెండు వేఱు స్థితులను ఒక్క పేరనే పిలుచుచున్నాము. నత్తిగలవానికి పలుకవలసిన మాట తెలియును. అది నోట నిలిచిపోవును. తొందరమాటవాడు అక్షరములను మ్రింగుచు పరుగిడును; వినువారికి బోధపడలేదని తఱచు తానెఱుగడు. ఇరువురికిని మనమిచ్చు మందొకటే: 'నిదానముగా మాటాడుము!' రెండవవానికది కొంత మేలు చేయవచ్చును. మొదటివానికి భయమునే పెంచును.

నత్తి పెక్కుమందికి 2-5 ఏండ్ల నడుమ మొదలగును. పెద్దవారిలో నూటికి సుమారొకరికుండును. అది పెంపకపు దోషము కాదు, బుద్ధిమాంద్యము కాదు. నాలుకపై వస రాచినంతమాత్రమున పోదు. శీఘ్రముగా చదువువానిని పాణినీయశిక్ష అధమపాఠకులలో చేర్చెను. పఠనమునకు చెప్పిన మాటను మనిషికంటగట్టుట శాస్త్రము కాదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము వాగ్వైకల్యమును గుర్తించినది. కాని దాని నిర్వచనమున నత్తి పేరే లేదు. చట్టము మాఱువఱకు మనమేల వేచియుండవలెను? గుడివాడలోనేమి, దివిసీమలోనేమి, మౌఖికపరీక్షలో కొలువవలసినది జ్ఞానమా, వేగమా? ఉపాధ్యాయులారా! ఆ యువకునికి మఱి నాలుగు నిమిషములిండు. అతని వాక్యమును మీరు పూరింపకుడు. ముగియువఱకు వినుడు.