రెండు రూపాయలు, తొంభై ఎనిమిది రూపాయలు



మన గూడూరు నుండి కృష్ణపట్నం వైపు వెళ్లు ప్రాంతము గత రెండు దశాబ్దములలో ఎంతో మారినది. 2008లో కృష్ణపట్నం ఓడరేవు ప్రారంభమైనది. నేలటూరు దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రము లేచినది. కంపెనీ పేరు వ్రాసిన మంచినీటి ప్లాంటు, బడి గది, ఉచిత వైద్య శిబిరము నేడు మనకు వింత కాదు. ఇది నిజమైన మేలా, లేక పేరు కొరకు చేయు పనియా అని మా సంఘ యువకులు అడుగుచుందురు. అడుగవలసిన ప్రశ్నయే.

మొదట ఒక సంగతి తెలిసికొందము. ఇది నేడు కేవలము దాత ఇష్టము కాదు. 2013 కంపెనీల చట్టము ప్రకారము, ఏడాదికి 5 కోట్లు నికర లాభము గాని, 1,000 కోట్ల టర్నోవరు గాని, 500 కోట్ల నికర ఆస్తి గాని ఉన్న కంపెనీ, గడచిన మూడేండ్ల సగటు లాభములో 2 శాతము సమాజము కొరకు ఖర్చు చేయవలెను. 2014 ఏప్రిల్ 1 నుండి ఇది అమలులోనున్నది. తాను పని చేయు ప్రాంతమునకు ప్రాధాన్యత ఇవ్వవలెననియు చట్టము చెప్పుచున్నది. 2021లో నియమములు మరింత బిగించిరి. ఖర్చు చేయని సొమ్మును కంపెనీ తన యొద్దనే ఉంచుకొనుటకు వీలులేదు.

మరి మేలు జరుగునా? జరుగును. 108 అంబులెన్సును తలంచుకొనుడి. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు, ఆయన కుటుంబము పూనుకొనగా 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆ సేవ ఆరంభమైనది. ఎన్ని కాన్పులు, ఎన్ని రోడ్డు ప్రమాదములు, ఎన్ని పాము కాట్లు! ఆ బండి రాకపోతే నేడు మన మధ్య ఉండనివారు ఎందరో కలరు.

అయితే 2009 జనవరి 7న, కంపెనీ లెక్కలలో 7,000 కోట్లకు పైగా తప్పుడు అంకెలున్నవని ఆయనే ఒప్పుకొనెను. వాటాలు కొన్న కుటుంబములు ఎన్నో నష్టపోయినవి. అంబులెన్సు మాత్రము ఆగలేదు. ఖర్చులో అధిక భాగము అప్పటికే ప్రభుత్వము భరించుచుండెను. అదే సంవత్సరము నిర్వహణ జి.వి.కె. చేతికి వెళ్లెను. ఇందులో రెండు పాఠములున్నవి. మేలు ఎప్పుడు నిలుచును? దాత పేరు మీద గాక ప్రజల హక్కుగా మారినప్పుడు. రెండవది, ఒక చేతి మేలు మరియొక చేతి అన్యాయమును కడిగివేయదు.

యెరికో సుంకపు గుత్తదారుడైన జక్కయ్యను జ్ఞాపకము చేసికొనుడి. అతడు రెండు మాటలు చెప్పెను. ఆస్తిలో సగము బీదలకు ఇచ్చుట ఒకటి. అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి చెల్లించుట మరియొకటి. దానము ఒక ఖాతా, బాకీ వేరొక ఖాతా. నేటి నియమములు కూడ ఇంచుమించు ఇట్లే చెప్పుచున్నవి. వేరే చట్టము ప్రకారము కంపెనీ ఎట్లయినను చేయవలసిన పనిని ఈ 2 శాతములో చూపరాదు. పొగను, బూడిదను అదుపు చేయుట, కూలివానికి న్యాయమైన జీతము, ప్రమాదములో చనిపోయినవాని కుటుంబమునకు పరిహారము, ఇవన్నియు బాకీలే గాని కానుకలు కావు.

కాబట్టి నూరు రూపాయల లాభములో రెండు రూపాయలు ఎక్కడికి వెళ్లినవో చూచి సంతోషింతుము. మిగిలిన తొంభై ఎనిమిది ఎట్లు వచ్చినవో కూడ అడుగుదుము. ఏ పనులకు అనుమతి ఇచ్చిరో కంపెనీలు తమ వెబ్‌సైటులో చూపవలెనని నియమమున్నది. మీ ఇంటిలో చదువుకొన్న బిడ్డలచేత దానిని చదివించుడి. గ్రామసభలో లేచి, మా ఊరికి రంగుల ఆర్చి వద్దు, నర్సు కావలెను అని మర్యాదగా అడుగుడి. నీటి ప్లాంటు చెడిపోతే ఎవరు బాగుచేయుదురో ప్రారంభోత్సవమునాడే వ్రాతపూర్వకముగా తీసికొనుడి.

అడుగువారున్న ఊరిలో ఆ రెండు రూపాయలు పంట పండును. అడుగువారు లేనిచోట అవి శిలాఫలకము మీద అక్షరములుగా మిగిలిపోవును.