ఉల్లి మార్కెట్ ఊళ్ళో ఉల్లిపొర చూడని పిల్లలు!



మన తాడేపల్లిగూడెం మార్కెట్లో లారీలకొద్దీ ఉల్లిపాయలు దిగుతాయి. బస్తాలు మోసేది మనమే. పాయలు ఏరేది మన ఆడవాళ్ళే. మరి మన పిల్లల్లో ఎంతమంది ఉల్లిపొరని మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు? ఈ రాత్రి అన్నాల దగ్గర అడగండి! "బొమ్మ గీశాం నాన్నా, పరీక్షలో వస్తదంట" అంటారు. గోడకి ఇటుకలు పేర్చినట్టుండే ఆ కణాల్ని ఒక్కసారి కళ్ళారా చూస్తే ఆ పిల్ల జన్మలో మర్చిపోతుందా?

మాస్టార్లని తిట్టకండి. ఓ పక్క సిలబస్ తరుముతుంది. ఇంకో పక్క రికార్డులు, యాపులు, ఫొటోలు! ల్యాబులో గాజు సామాను పగిలితే లెక్కెవరు చెప్పాలి? ఆ భయానికే బీరువాకి తాళం పడుతోంది.

కొల్లేటి పల్లెల్లో చూడండి. తెల్లారగట్ల చెరువులో చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. తండ్రి ఏరేటర్ దగ్గరికి పరిగెడతాడు. ఎందుకలా? పగలు ఎండకి ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రి ఆక్సిజన్ లాగేస్తుంది. ఇది పిల్లాడి పుస్తకంలోనే ఉంది! ఆ పాఠమూ ఈ చెరువూ ఒకటేనని వాడికి చూపించేవాళ్ళేరీ? వాడు బట్టీ పడుతున్నాడు, తండ్రి అప్పు పెరుగుతోంది.

2020 డిసెంబరు మర్చిపోయామా? ఏలూరులో మనుషులు ఫిట్స్ వచ్చి ఉన్నచోటే పడిపోయారు. వందలమంది! రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది. ఆ మాటకి అర్థమేంటో మన ఇళ్ళలో ఎవరికి తెలిసింది? తాగే నీళ్ళని పరీక్ష చెయ్యడం మన పిల్లలకి రావద్దా?

నేర్పేవాళ్ళు ఎక్కడో లేరు. 2015 నుంచీ నిట్ మన ఊళ్ళోనే ఉంది. పక్కన వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. నీళ్ళు, నేల, మొక్క, యంత్రం, అన్నీ తెలిసినవాళ్ళు సైకిలు దూరంలో ఉన్నారు!

"పెద్ద సైంటిస్టులు సర్కారు బడికొస్తారా?" అంటారా? వచ్చారు! 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడులతో అలాంటి సైన్స్ కార్యక్రమమే మొదలైంది. ఢిల్లీ యూనివర్సిటీ, టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు పల్లెటూరి టీచర్లతో నేలమీద కూర్చుని ప్రయోగాలు తయారుచేశారు. పిల్లలు పొలాల్లోకెళ్ళి చేసి చూశారు. వందల బడులకి పాకింది. 2002లో ప్రభుత్వం ఆపేసింది. మనం మొదలెడితే ఆపనిస్తామా? 2017లో కేంద్రమే 'జిజ్ఞాస' పేరుతో సీఎస్ఐఆర్ శాస్త్రవేత్తల్ని కేంద్రీయ విద్యాలయాలతో కలిపింది. కూలోళ్ళ పిల్లలు చదివే జెడ్పీ హైస్కూలు ఏం పాపం చేసింది?

ఏడాదికోసారి ఫిబ్రవరి 28న సైన్స్ డే పేరుతో బ్యానరు, శాలువా, ఉపన్యాసం మాకొద్దు! నిట్, ఉద్యాన వర్సిటీ హైస్కూలుకో విభాగం చొప్పున బాధ్యత తీసుకోవాలి. నెలకి రెండు పూటలు రావాలి. సామాను పిల్లల చేతికివ్వాలి. పగిలితే పగలనివ్వాలి! సెలవుల్లో మన మాస్టార్లకి వాళ్ళ ల్యాబుల తలుపులు తెరవాలి.

పేరెంట్స్ మీటింగ్‌కి ఆ రోజు కూలి పోయినా రండి. స్కూలు కమిటీ చేత తీర్మానం రాయించండి. సంతకం రాకపోతే వేలిముద్ర వెయ్యండి. ఒక కాపీ నిట్ డైరెక్టరుకి, ఒకటి ఉద్యాన వర్సిటీ వీసీకి, ఒకటి డీఈఓకి. రసీదు అడిగి తీసుకోండి. నెలలో జవాబు రాకపోతే, పిల్లల్ని వెంటబెట్టుకుని అందరం వాళ్ళ గేటు దగ్గరికే పోదాం!

— గూడెం సర్కారు బడి పిల్లల తల్లిదండ్రులు